ముందు వేలు కుదరాలి, వేగం తర్వాత

మీరు కీబోర్డు వాయిస్తారా? అయితే ఒక చిన్న పని చెయ్యండి. ట్రాన్స్‌పోజ్ బటన్‌ను సున్నా దగ్గర పెట్టండి. రిథమ్ కట్టెయ్యండి. ఐదున్నర శృతిలో సరిగమపదనిస ఆరోహణ, అవరోహణ రెండు చేతులతో కలిపి వాయించండి. ఎక్కడా ఆగకుండా వచ్చేసిందంటే ఈ పేజీ తిప్పేసి కరెంట్ అఫైర్స్ చదువుకోవచ్చు. రాకపోతే కాసేపు కూర్చోండి, మాట్లాడుకుందాం. నాకూ రాలేదు. రాకపోవడం వల్ల చేతికొచ్చిన ఉద్యోగం ఒకటి పోయింది.

మాది దొనకొండ. ఊరి పేరు చెబితే ఎవరైనా అడిగేది బ్రిటిష్ కాలం నాటి విమానాశ్రయం గురించో, లేదంటే 2014లో రాజధాని ఇక్కడికే వస్తుందని నడిచిన ప్రచారం గురించో. మా పెద్దవాళ్లు మాత్రం రైలు గురించి చెబుతారు. మీటర్‌గేజీ రోజుల్లో ఆవిరి ఇంజన్లకు లోకోషెడ్ ఉన్న ఊరు ఇది. వీటన్నిటి మధ్యా ఎవరూ పెద్దగా చెప్పుకోనిది పాట. ఒంగోలు, కంభం లాగే దొనకొండ కూడా అమెరికన్ బాప్టిస్టు మిషన్ కేంద్రాల్లో ఒకటి. పడమటి ప్రకాశంలో చర్చి ఉన్న పల్లెకు వెళ్లి చూడండి, ఒక మూల హార్మోనియమో, ఈ మధ్య అయితే కీబోర్డో కనిపిస్తుంది. ఇంకోపక్క పద్య నాటకాల హార్మోనియం ఎటూ ఉండనే ఉంది. కాబట్టి వాయించేవాళ్లకు మన దగ్గర కరువు లేదు. వేళ్ల లెక్క చెప్పి వాయించడం నేర్పేవాళ్లకే కరువు.

నేను నేర్చుకున్నది చర్చి హార్మోనియం మీద. మా సంఘంలో ఒక పెద్దాయన వాయిస్తుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ని. హార్మోనియంలో ఎడమ చెయ్యి తిత్తి ఊదడానికే సరిపోతుంది. వాయించేదంతా కుడి చెయ్యి. అందులోనూ నాకు అలవాటైంది మూడు వేళ్లే: చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు. బొటనవేలు గాల్లో ఉండేది. చిటికెన వేలు ఉన్న సంగతే మర్చిపోయాను. అయినా పాట వచ్చేది. విన్నది విన్నట్టు వాయిస్తే చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకుంటారు. ఆ మెప్పు చాలా రుచిగా ఉంటుంది. "వాడికి దేవుడిచ్చిన వరం" అన్నారు. నేనూ నమ్మాను.

ఇంటర్ రెండో ఏడాదిలో ఇంట్లో బతిమాలి 61 మెట్ల కీబోర్డు కొనిపించుకున్నాను. అందులో ట్రాన్స్‌పోజ్ బటన్ చూశాక నా పని ఇంకా తేలికైపోయింది. పాడేవాళ్లు ఏ శృతిలో పాడినా సరే, బటన్ నొక్కితే మెషీనే అక్కడికి తీసుకెళ్తుంది. నా వేళ్లు ఎప్పుడూ సి నుంచి మొదలయ్యే తెల్ల మెట్ల మీదే తిరుగుతాయి. నల్ల మెట్లు నాకు దాదాపు అలంకారం. ఇది కొత్తగా వచ్చిన రోగమేమీ కాదు లెండి. మెట్ల వరసంతా పక్కకు జరిపి శృతి మార్చుకునే స్కేల్ ఛేంజర్ హార్మోనియంలు ఎప్పటి నుంచో ఉన్నాయి. బటన్ అంతకన్నా సులువు, అంతే తేడా.

డిగ్రీ అయ్యాక ఉద్యోగాల వేటలో ఉండగా, ఒక నగరంలోని ప్రైవేటు బడిలో సంగీతం నేర్పే పోస్టుకు డెమో ఇవ్వమని పిలిచారు. వెళ్లాను. హాల్లో కీబోర్డు లేదు, చెక్క పియానో ఉంది. అంతవరకు నేను పియానోను సినిమాల్లో తప్ప చూడలేదు. సరే, అవే మెట్లు కదా అనుకున్నాను. ఏడో తరగతి పిల్ల ఒకమ్మాయి ప్రార్థన పాట ఎత్తుకుంది. వెనక వాయించమన్నారు. ఆ పిల్లకు హాయిగా ఉన్న శృతి ఐదున్నర. అంటే ఎ ఫ్లాట్. నా చెయ్యి దానంతటదే కీబోర్డు ఎడమ మూలకు వెళ్లింది, బటన్ కోసం. అక్కడ నున్నటి చెక్క తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఎ ఫ్లాట్ స్కేలులో నాలుగు నల్ల మెట్లు ఉంటాయి. ఎక్కడ ఏ వేలు వెయ్యాలో తెలియక మూడు వేళ్లతో తడుముకున్నాను. చెవికి తప్పు తెలుస్తోంది, చేతికి దారి తెలియడం లేదు. పాపం ఆ పిల్ల నా కోసం రెండుసార్లు ఆగింది. చివరికి నేనే "కొంచెం కిందకి పాడతావా అమ్మా" అన్నాను. పాడేవాళ్ల గొంతును బట్టి వాయించేవాడు వెళ్లాలి గానీ, వాయించేవాడి వేళ్లను బట్టి పిల్ల గొంతు దిగడమేంటి? మేడమ్ గారు మర్యాదగానే, "బాబూ, నీకు పాట తెలుసు, పియానో తెలియదు" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో అంతసేపూ ఆ మాటే.

ఆమె మాటలో తప్పేమీ లేదని ఒప్పుకోవడానికి నాకు నెల పట్టింది. తర్వాత గుంటూరులో ఇంట్లోనే పిల్లలకు పియానో నేర్పే ఒక పెద్దావిడ దగ్గర చేరాను. వారానికోరోజు మా స్టేషన్లో రైలెక్కి వెళ్లడం, సాయంత్రం తిరిగి రావడం. మొదటి రోజు నాకు వచ్చిన పాటల్లో అన్నిటికంటే కష్టమైనది వాయించి చూపించాను. ఆవిడ చివరిదాకా విని, "బాగుంది అబ్బాయ్. ఇప్పుడు బొటనవేలుతో సి నొక్కు" అన్నారు. ఆ పూటంతా నాలుగు మెట్లు. 1, 2, 3, మళ్లీ 1. అంతే. రెండు వారాలు అదే.

ఈ అంకెలు ఏంటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. పియానోలో రెండు చేతులకూ బొటనవేలు 1, చూపుడు 2, నడిమి వేలు 3, ఉంగరపు వేలు 4, చిటికెన వేలు 5. స్కేలులో స్వరాలు ఏడు, పై షడ్జమంతో ఎనిమిది. వేళ్లు ఐదే. లెక్క కుదరదు కదా. అందుకే ఐదు వేళ్లూ అయిపోయేదాకా ఆగకుండా, మధ్యలోనే బొటనవేలు మిగతా వేళ్ల కిందనుంచి దూరి అవతలికి వెళ్తుంది. సి మేజర్‌లో కుడి చెయ్యి సరిగ అనేసరికి 1 2 3 అయిపోతాయి. మధ్యమం దగ్గర బొటనవేలు కిందనుంచి వచ్చి మళ్లీ 1. అక్కడినుంచి 2 3 4 5. మొత్తం 1 2 3 1 2 3 4 5. దిగేటప్పుడు అదే దారి వెనక్కి: 5 4 3 2 1 అయ్యాక నడిమి వేలు బొటనవేలి మీదుగా దాటి 3 2 1. ఎడమ చేతికి ఎక్కేటప్పుడు 5 4 3 2 1 3 2 1. రెండు చేతుల్లోనూ బొటనవేళ్లు వేరువేరు చోట్ల దాటతాయి. కొత్తవాళ్లు రెండు చేతులూ కలిపేసరికి గందరగోళపడేది ఇందుకే. ఒక్కో చెయ్యీ విడిగా నిద్రలో కూడా వచ్చేదాకా కలపకండి.

ఒక కిటుకు ఉంది. ఈ పాఠం మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది ఇదే. రెండు స్థాయిలు వరసగా వాయిస్తే 1 2 3, 1 2 3 4, 1 2 3, 1 2 3 4 అని మూడు, నాలుగు గుంపులుగా వస్తుంది. అంటే నాలుగో వేలు ఒక స్థాయిలో ఒక్కసారే పడుతుంది. అది ఎక్కడ పడుతుందో గుర్తుపెట్టుకుంటే మిగతా వేళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. సి మేజర్‌లో కుడి చేతి నాలుగో వేలు నిషాదం మీద, ఎడమ చేతిది రిషభం మీద. ఇక ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్, జి ఫ్లాట్... ఫ్లాట్లతో నడిచే ఈ ఆరు మేజర్ స్కేళ్లలోనూ కుడి చేతి నాలుగో వేలు పడేది ఒకే మెట్టు మీద. అది బి ఫ్లాట్. ఆరు స్కేళ్లకు ఒక్క గుర్తు చాలు! వీటిలో బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్ నాలుగింటికీ ఎడమ చేతి వరస కూడా ఒకటే: 3 2 1 4 3 2 1 3. నాలుగో వేలు మధ్యమం మీద. నన్ను ఓడించిన ఐదున్నర శృతికి కుడి చెయ్యి 3 4 1 2 3 1 2 3. ఇంత చిన్న సంగతి తెలియక ఆ రోజు అంత మంది ముందు చెమటలు పట్టాయి.

ఇందులో ఉన్న తర్కం కూడా గమనించండి. బొటనవేలు పొట్టిది, నల్ల మెట్టు ఎత్తుగా, వెనక్కి ఉంటుంది. అందుకని స్కేళ్లలో బొటనవేలును నల్ల మెట్టు మీద వెయ్యకుండా చూసుకుంటారు. పొడవు వేళ్లకు నల్ల మెట్లు, పొట్టి వేలికి తెల్లవి. ఈ లెక్కన చూస్తే అన్నీ తెల్లవే ఉన్న సి మేజర్ చదవడానికి సులువు గానీ, చేతికి సులువేమీ కాదు. షోపాన్ అనే పోలండ్ సంగీతకారుడు తన శిష్యులకు మొదట బి మేజర్ నేర్పేవాడు. అందులో ఐదు నల్ల మెట్లూ వస్తాయి, పొడవు వేళ్లు వాటి మీద హాయిగా కూర్చుంటాయి. సి మేజర్ ఆయన దగ్గర చివరికి వచ్చేది. నేను నల్ల మెట్లంటే భయపడి సి లోనే కాపురం పెట్టుకున్నాను. అంటే కష్టమైనదాన్ని సులువనుకుని, అదీ తప్పు వేళ్లతో, ఆరేళ్లు వాయించాను.

"అందరికీ ఒకే వరస ఎందుకు, నా చెయ్యి నా ఇష్టం" అనేవాళ్లు ఉంటారు. నేనూ అన్నాను. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. వేళ్ల వరస ఆకాశం నుంచి ఊడిపడ్డ శాసనం కాదు. ఒకప్పుడు యూరప్‌లోనే బొటనవేలు పెద్దగా వాడేవాళ్లు కాదు. బాఖ్ కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ బాఖ్ 1753లో కీబోర్డు వాయించే పద్ధతి మీద పుస్తకం వేశాడు. తన తండ్రి చిన్నతనంలో విన్న గొప్ప గొప్పవాళ్లు కూడా, దూరంగా ఉన్న మెట్లు అందుకోవాల్సి వస్తే తప్ప బొటనవేలు వాడేవారు కాదని అందులో రాశాడు. పాత ఇంగ్లీషు స్వర పుస్తకాల్లో బొటనవేలికి అంకె కూడా లేదు, కూడిక గుర్తు పెట్టి చూపుడు వేలినుంచి 1 2 3 4 అని లెక్కపెట్టేవాళ్లు. (అలాంటి పుస్తకం మీ చేతికి దొరికితే చూసుకోండి, అంకెలన్నీ ఒకటి జరిగిపోతాయి.) కాబట్టి పద్ధతి మారింది, ఇంకా మారొచ్చు. ఇప్పటి గ్రేడ్ పరీక్షల్లో కూడా మీరు ఏ వేలు వేశారన్నదానికి విడిగా మార్కులుండవు. ట్రినిటీ కాలేజ్ లండన్ పియానో పరీక్షలో నూటికి 14 మార్కులు టెక్నికల్ వర్క్‌కు. స్కేళ్లు అందులోకే వస్తాయి, చూడకుండా వాయించాలి. పరీక్ష చేసేవాళ్లు వినేది స్వరాలు సమానంగా, తడబాటు లేకుండా, అడిగిన వేగంలో వచ్చాయా లేదా అన్నదే.

అయితే అక్కడే ఉంది చిక్కు. వేలు కుదరనివాడి స్కేలు సమానంగా రాదు. మీ చెయ్యి నా చెయ్యికన్నా చిన్నదైతే ఎక్కడో ఒకచోట వేరే వేలు వేసుకోండి, తప్పులేదు. కానీ ఒకసారి వేసిన వేలే ప్రతిసారీ వెయ్యాలి. నా పాత జబ్బు మూడు వేళ్లతో వాయించడం మాత్రమే కాదు. ఇవాళ గాంధారం మీద చూపుడు వేలు, రేపు నడిమి వేలు, ఎల్లుండి ఏది ఖాళీగా ఉంటే అది. వందసార్లు సాధన చేశాననుకునేవాణ్ని. నిజానికి వంద రకాలుగా ఒక్కోసారి చేశాను. చేతికి ఏది గుర్తుండాలి మరి? నెమ్మది పాటలో ఈ లోపం బయటపడదు. వేగం పెంచగానే, లేదా భయం వెయ్యగానే బయటపడుతుంది. డెమోలో రెండూ ఉంటాయి.

మన సంగీతంలో ఇది ఎవరికీ కొత్త కాదు. వీణ నేర్చుకునే పిల్లకు ఎడమ చేతి చూపుడు వేలు, నడిమి వేలు మెట్ల మీద ఎలా కలిసి నడవాలో మొదటి పాఠంలోనే చెబుతారు. మన జిల్లా కరవదిలో పుట్టి సంగీత కళానిధి దాకా వెళ్లిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం తీసుకోండి. ఆ వాయిద్యంలో రంధ్రాన్ని వేలితో ఎంత మూశారన్నదాన్ని బట్టి కూడా స్వరం మారుతుంది. అక్కడ వేలు ఏమరితే స్వరమే ఉండదు. మెట్ల వాయిద్యంలో ఏ వేలితో నొక్కినా స్వరం పలుకుతుంది. అందుకే దీని దగ్గర మనం మోసపోతాం.

సరళీ వరిసలు నేర్చుకున్నవాళ్లకు ఇంకో మంచి కబురు. పురందరదాసు కాలం నుంచి వస్తున్నదని చెప్పుకునే ఆ తొలి పాఠాలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. ఒకటో శృతిలో, అంటే సి నుంచి వాయిస్తే అందులో రిషభం, ధైవతం మాత్రమే నల్ల మెట్లు. ఇప్పుడు సి మేజర్ వేళ్ల వరస దీని మీద పెట్టి చూడండి. కుడి చెయ్యి 1 2 3 1 2 3 4 5: బొటనవేలు షడ్జమం మీద, మధ్యమం మీద, రెండూ తెల్లవే. ఎడమ చెయ్యి 5 4 3 2 1 3 2 1: బొటనవేలు పంచమం మీద, పై షడ్జమం మీద, అవీ తెల్లవే. ఒక్క వేలు మార్చక్కర్లేదు. సి మేజర్ మన శంకరాభరణమే కాబట్టి, ఒకే వేళ్లతో రెండు మేళకర్తలు చేతిలోకి వచ్చినట్టు. మూడు కాలాల్లో పాడే అలవాటు మీకు ముందే ఉంటే మెట్రోనోమ్ అంటే ఏంటో విడిగా చెప్పక్కర్లేదు. నాకు మా టీచర్ గారు స్కేళ్లు నేర్పారు గానీ, ఈ సంగతి నేనే ఒక సాయంత్రం రైల్లో ఒళ్లో పుస్తకం మీద వేళ్లు కదుపుతూ కనిపెట్టాను. ఆవిడకు చెబితే "ఆ, తెలుసులే" అన్నారు.

ఇంతకీ దీంతో ఉద్యోగం వస్తుందా అని అడుగుతారు. నిజం చెబుతాను. స్కేళ్లు వచ్చినంత మాత్రాన రాదు. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ టీచర్ (మ్యూజిక్) పోస్టులున్నాయి, కానీ వాటికి సంగీతంలో డిగ్రీ అడుగుతారు. గ్రేడ్ సర్టిఫికెట్ దానికి బదులు కాదు. రైల్వేలో సాంస్కృతిక కోటా కింద వాయిద్యకారులను తీసుకుంటారు. పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే, ఏ వాయిద్యం అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్ చూడాలి. ప్రైవేటు బడుల్లో అవకాశాలు ఎక్కువ, జీతం తక్కువ. గ్రూప్స్ ప్రిపరేషన్ పక్కన పడేసి పియానో ముందు కూర్చోమని నేను ఎవరికీ చెప్పను. కానీ మీరు ఇప్పటికే ఆదివారాలు చర్చిలోనో, పెళ్లిళ్లలోనో వాయించి ఖర్చులకు సంపాదించుకుంటున్నవాళ్లయితే, రోజుకు 20 నిమిషాలు దీనికి పెట్టకపోవడం మాత్రం మీకు మీరే చేసుకునే అన్యాయం. మెషీన్ మారిన రోజున చేతిలో ఏమీ మిగలదు.

అసలు వాయిద్యం ముట్టనివాళ్లకు కూడా ఇందులో ఒక మాట ఉంది. ఎస్ఎస్‌సీ సీహెచ్‌ఎస్ఎల్ టైపింగ్ టెస్టులో ఇంగ్లీషుకు నిమిషానికి 35 పదాలు కావాలి. పది నిమిషాల్లో సుమారు 1750 సార్లు మెట్లు నొక్కాలి. రెండు చూపుడు వేళ్లతో కొడుతూ "నాకు స్పీడు వచ్చేసింది" అనే స్నేహితుడు మీకూ ఉండే ఉంటాడు. మా గదిలో ఇద్దరుండేవాళ్లు. ఒక హద్దు దాకా వాళ్ల వేగం పెరిగింది, అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత కొట్టినా తప్పులే పెరిగాయి. పాత టైపు ఇన్‌స్టిట్యూట్లలో వారాల తరబడి ఎ ఎస్ డి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కె జె కొట్టించేవాళ్లు చాదస్తులు కాదు. 1888లో అమెరికాలోని సిన్సినాటిలో ఒక టైపింగ్ పోటీ జరిగింది. అన్ని వేళ్లూ వాడుతూ, మెట్ల వంక చూడకుండా కొట్టే మెక్‌గరిన్ అనే కోర్టు స్టెనోగ్రాఫర్, చూసి కొట్టే ప్రత్యర్థిని తేలిగ్గా ఓడించాడు. చూడకుండా టైపు కొట్టే పద్ధతికి పేరొచ్చింది ఆ పోటీతోనే. నా మటుకు నేను పియానో దగ్గర వేళ్లు సరిచేసుకున్నాకే టైపింగ్‌లో నా చిటికెన వేలు పనిలోకి దిగింది. పది వేళ్లతో ఫీజు కట్టి మూడు వేళ్లతో పరీక్ష రాసినట్టుండేది అంతకుముందు.

సరే, ఎలా మొదలుపెట్టాలి? నాకు పనిచేసింది చెబుతాను. పిల్లలు ఆడుకునే చిన్న మెట్ల బొమ్మ కీబోర్డు వద్దు, వేళ్ల దూరం తప్పుగా అలవాటవుతుంది. మామూలు సైజు మెట్లున్న 61 మెట్ల కీబోర్డు మొదట్లో చాలు. మంచమ్మీద పెట్టుకుని వాయించకండి, మోచెయ్యి మెట్ల ఎత్తుకు రావాలి. స్వరాల కింద వేళ్ల అంకెలు పెన్సిల్‌తో రాసుకోండి. మెట్రోనోమ్ 60లో, దెబ్బకు ఒక స్వరం. ముందు కుడి చెయ్యి వారం, ఎడమ చెయ్యి వారం. ఎడమ చేతికి ఎక్కువ రోజులివ్వండి, ముఖ్యంగా హార్మోనియం నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఎడమ చెయ్యి ఇన్నాళ్లూ గాలి కొట్టింది తప్ప పాట పాడలేదు.

బొటనవేలు దాటించేటప్పుడు మోచెయ్యి రెక్కలా పైకి లేస్తుంటే తప్పు. చూపుడు వేలు మెట్టు మీద ఉండగానే బొటనవేలు అరచేతి కిందికి ప్రయాణం మొదలుపెట్టాలి. చివరి క్షణంలో దూకితే ఆ స్వరం గట్టిగా మోగుతుంది. మీ స్కేలు వింటున్నప్పుడు మధ్యమం దగ్గర దెబ్బ కొట్టినట్టు వినిపిస్తోందంటే జబ్బు ఇదే. ఫోన్ పైనుంచి పెట్టి వీడియో తీసుకోండి. నేను మొదటిసారి చూసుకున్నప్పుడు ఆ చెయ్యి నాదేనా అనిపించింది. తప్పు వేలు పడగానే ఆగండి. స్వరం సరిగ్గానే పలికింది కదా అని ముందుకు పోకండి. ఆ రెండు మూడు మెట్లే మళ్లీ వాయించండి. ప్రతిసారీ సి నుంచి మొదలుపెడితే మొదటి నాలుగు స్వరాలు బంగారంలా తయారవుతాయి, మిగతావి అలాగే ఉంటాయి. మణికట్టు నొప్పి పుడితే లేచిపోండి, పంతం వద్దు.

పాత అలవాటు ఉన్నవాళ్లకు కొత్తవాళ్లకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఇది ముందే చెప్పడం మంచిది. మార్కాపురం పలక మీద రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, ఆరేళ్లు వేలికి పట్టింది అలా పోదు. నాకు ఎనిమిది నెలలు పట్టింది. మొదటి రెండు నెలలు నాకు వచ్చిన పాటలు కూడా పాడైపోయాయి. పాత దారి పోయింది, కొత్త దారి ఇంకా పడలేదు. ఆదివారం చర్చిలో తడబడితే "ఏమైందిరా నీకు, బాగా వాయించేవాడివి కదా" అన్నారు మా అయ్యగారు. చాలామంది సరిగ్గా ఇక్కడే వెనక్కి వెళ్లిపోతారు. నేనూ ఒక నెల వెళ్లాను. మళ్లీ రైలెక్కించింది పట్టుదల కాదు, ఆ ఏడో తరగతి పిల్ల నా కోసం ఆగిన ఆ రెండు క్షణాలు.

ఇప్పుడు నేనొక ఆఫీసులో గుమాస్తాను. శని, ఆదివారాల్లో ఇంట్లో నలుగురు పిల్లలకు కీబోర్డు నేర్పుతున్నాను. పోయిన నెలలో ఒక ఇంటర్ కుర్రాడు చేరాడు. కొత్త సినిమా పాట మూడు వేళ్లతో అదరగొట్టాడు. బొటనవేలు గాల్లో ఉంది. బాగుందయ్యా అని, సి మీద బొటనవేలు పెట్టమన్నాను. మొన్న వాళ్ల నాన్నగారు వచ్చి గుమ్మంలోనే అడిగారు, "సార్, మావాడు నాలుగు వారాల నుంచి ఒకటి రెండు మూడు ఒకటే వాయిస్తున్నాడు, పాట ఎప్పుడు చెబుతారు?" అని. ఎడమ చెయ్యి ఇంకా మొదలే కాలేదండీ, ఇంకో మూడు వారాలు పడుతుంది, కూర్చోండి, టీ తాగి వెళ్దురుగాని అన్నాను.